ముప్పై ఎనిమిదో చేప ప్రయాణం

ఆనకట్ట పక్కన చేపలు ఎక్కడానికి కట్టిన మెట్ల కాలువను మూసేయాలని విద్యుత్ కంపెనీ నిర్ణయించుకుంది. పైకి పోవాలన్న కోరిక చేపలకే లేదట. నిజమో కాదో తేల్చమని తైనా అనే పరిశోధకురాలిని పంపారు. ఆమె అక్టోబరులో నలభై కురింబ చేపల పొట్టల్లో, మనకు వినపడకుండా టిక్కుటిక్కుమనే బుల్లి గొట్టాలు పెట్టి కుట్టి, ఆనకట్ట కింద వదిలింది. ఆ చప్పుడు వినే యంత్రాలను ఆనకట్ట కిందా, ఎగువన జలాశయం పొడవునా, వాగుల దాకా నీళ్లలో వేలాడదీసింది. వాటిలో ఒకటి, ఎగువ ఒడ్డున చేపలు పట్టుకుని బతికే యుఫ్రాజియా రేవు దగ్గరే ఉంది.

రెండు నెలల్లో ఎగువకు వచ్చింది ముప్పై ఎనిమిదో నంబరు ఒక్కటే. అదీ ఒక ఆదివారం.

ఆ తర్వాతి వారం తైనా వచ్చి యుఫ్రాజియా వంటింట్లో కూర్చుంది. అరవై మూడేళ్ల యుఫ్రాజియా కాఫీ పోసి, జున్ను రొట్టెలు ముందుకు జరిపింది.

"పెద్దమ్మా, ఆ కాలువ ఎక్కడానికి గట్టి చేపకే రెండు రోజులు పడుతుంది. ఇది పదీ ఇరవైకి ఆనకట్ట కింద ఉంది. పదకొండున్నరకి మీ రేవులో ఉంది."

"హుషారైన చేప."

"కాలువ పూడిపోయి మూడు వారాలైంది."

"అయితే మరీ హుషారైంది."

"ఆదివారం బస్సు ఆనకట్ట కింది నుంచి ఎన్నింటికి బయల్దేరుతుంది?"

"పదిన్నరకి. డ్రైవరు వాల్దొమీరో టైముకి తీస్తే."

తైనా రొట్టె తినడం ఆపి ఆమె వంకే చూసింది. యుఫ్రాజియా కాసేపు బల్ల తుడిచింది. బల్ల శుభ్రంగానే ఉంది.

"ఆనకట్ట గోడకి మూతులు ఆనించుకుని చేపలు వందల కొద్దీ నిలబడున్నాయమ్మా. చూడలేక ఒకదాన్ని చేతివలతో తీసి, నీళ్లు పట్టిన పాత రంగు బకెట్లో వేసుకున్నా. నీ చేపని నాకేం తెలుసు? పొట్ట మీద కుట్లు చూసి, ఆపరేషనైంది పాపం అని బకెట్ ఒళ్లోనే పెట్టుకున్నా. వాల్దొమీరో దానికీ టికెట్ అడిగాడు."

"ఇచ్చారా?"

"చంటిదన్నాను."

తైనా నవ్వలేదు. కంప్యూటర్ తెరిచింది. రేవులో వదిలాక ముప్పై ఎనిమిదోది ఎక్కడా ఆగలేదు. నాలుగు రోజుల్లో అరవై కిలోమీటర్లు ఎదురీది, గుడ్లు పెట్టే వాగు దాకా పోయింది. కోరిక ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కాకపోతే అది గోడ ఎలా దాటిందో, దాటించినవాళ్లు రాసి సంతకం పెట్టాలి. ఇది వేట నిషేధకాలం. ఆనకట్ట కింద వల వేసినట్టు ఒప్పుకుంటే చేపలు పట్టే లైసెన్సు కార్డు పోతుంది. నలభై ఏళ్లుగా యుఫ్రాజియా బతుకు ఆ కార్డే.

"సంతకం పెట్టకపోతే?"

"ఈ చేపని లెక్కలోంచి కొట్టేయాలి. జనవరిలో కాలువకి కాంక్రీటు పోస్తారు."

"తక్కినవి ఎక్కడున్నాయి?"

తైనా తెర ఆమె వైపు తిప్పింది. ఎనిమిది చేపల చప్పుడు ఆగిపోయింది, ఎవరో వండుకుని ఉంటారు. ముప్పై ఒక్క చుక్కలు ఆనకట్ట కింద గోడ వెంబడే ఉన్నాయి.

"ఒక్కటైనా విసిగిపోయి వెనక్కి మళ్లలేదా?"

"లేదు పెద్దమ్మా."

యుఫ్రాజియా కళ్లజోడు పెట్టుకుని బస్సు నంబరుతో సహా అంతా రాసింది, సంతకం పెట్టింది. గూట్లోంచి కార్డు తెచ్చి కాగితం మీద పెట్టింది.

"దానికి పైకి పోవాలని ఉందో లేదో కంపెనీ వాళ్లు ఎలాగూ అడుగుతారు. దారి పొడుగునా అది తల డ్రైవరు వైపే పెట్టుకుంది. బకెట్ ఎటు తిప్పినా మళ్లీ అటే తిరిగేది. అది కూడా రాసుకో."

తైనా రాసుకుంది.