ఏడు–నాలుగు

"రెండో సెట్టు ఏడు–నాలుగు," అంది అక్క, ఫోను ముఖానికి దగ్గరగా పట్టుకుని.

నేను రాసేశాను. రాశాక పెన్ను ఆగిపోయింది. ముందుగా ఆరు గేములు గెలిస్తే సెట్టు అయిపోతుంది. ఐదు–ఐదు దగ్గర చిక్కుపడితే ఏడు–ఐదుకి తేలుతుంది, అప్పటికీ తెగకపోతే ఏడు పాయింట్ల టైబ్రేక్ ఆడి ఏడు–ఆరుకి. ఏడు–నాలుగు అనే సెట్టు ఈ భూమ్మీద ఎవరూ ఆడలేదు. ఆ సంగతి నాకు నేర్పింది కూడా అక్కే.

అక్క నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా భర్తలు పోయాక ఈ మూడో అంతస్తు రెండు గదుల్లో కలిసి ఉంటున్నాం. తను ముప్ఫై ఏళ్లు టెన్నిస్ క్లబ్బులో తువ్వాళ్లు మడతపెట్టింది. అవి ఉతికే లాండ్రీలో నేను పనిచేశాను. తువ్వాళ్ల గది కిటికీ కోర్టు వైపు ఉండేది. చేతులు చూడకుండా మడతపెట్టడం, ఆట చూస్తూ లెక్క చెప్పడం తనకి అక్కడే అలవాటయ్యాయి. నన్ను బడికి పంపలేదు. పేపర్లో ఆటల పేజీ ముందేసుకుని, ఆటగాళ్ల పేర్లతోనే అక్షరాలు కూడబలుక్కున్నాను.

మేం వెంబడించేది ఒక్క అమ్మాయినే. ఎడమచేత్తో ఆడుతుంది. ప్రపంచంలో ఏ నలభయ్యో యాభయ్యో స్థానం. అక్క ఆమెకి మొండిఘటం అని పేరు పెట్టింది. ఆట ఉన్న మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్లో చూసి చెబుతుంది, నేను నోటుబుక్కులో రాస్తాను: సెట్లు, మొదటి సర్వు నూటికి ఎన్ని పడ్డాయి, అవతలివాళ్ల సర్వు మీద దొరికిన బ్రేక్ పాయింట్లు, డబుల్ ఫాల్టులు. ఆ చివరి అంకె అంటేనే నాకు హడలు. రెండు అవకాశాలిచ్చినా బంతి గీత లోపల పడదు, అవతలివాళ్లు బ్యాటు ఎత్తకుండానే పాయింటు పోతుంది. అది వినేటప్పుడు నా ముఖం చూసి అక్క నవ్వేది. "దాని చెయ్యి వణికితే నీకెందుకే జ్వరం?"

ఆ పొద్దున తప్పు ఎత్తకుండా మిగతా అంకెలు రాసేశాను. మా ఆయన కూడా మొదట అంకె దగ్గరే తప్పాడు. ఇంటి నంబరు అడిగితే పక్కింటిది చెప్పాడు. మూడు నెలలు తిరక్కుండా నన్నే "మీరెవరండీ" అని అడిగాడు.

అక్క స్నానానికి వెళ్లాక ఫోను తీశాను. పేజీలోని ఇంగ్లీషు మాటలు నాకు రావు గాని, వరస తెలుసు, అంకెలు ఏ భాషలోనైనా అంకెలే. ఏడు–ఆరు అని ఉంది, పక్కన చిన్నగా నాలుగు. అంటే టైబ్రేక్ ఏడు–నాలుగు. వంటింటి రేడియోలో పొద్దున ఆరింటికి ఆటల వార్తలొస్తాయి. అక్క అక్కడ విన్న టైబ్రేక్ లెక్కనే తడబడి సెట్టని నాకు చెప్పింది. మరి మిగతావి? మొదటి సర్వు అరవై నాలుగని రాశాను. ఫోన్లో యాభై రెండుంది. వెనక పేజీలు తిప్పాను. అరవై నాలుగు, యాభై ఎనిమిది, అరవై ఒకటి. ఎక్కడో చూసినట్టుంది. కిందటేడు నోటుబుక్కు తీశాను. అవే అంకెలు, అదే వరసలో.

ఏడాది కిందటి అంకెలు వరస తప్పకుండా గుర్తున్న మనిషికి మతి పోలేదు. పోయింది చూపు. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. కొన్నాళ్లుగా తను టీ పోసేటప్పుడు గ్లాసు అంచు మీద వేలు ఎందుకు పెడుతోందో అప్పుడు అర్థమైంది.

తల తుడుచుకుంటూ వచ్చిన అక్కని నేరుగా అడిగేశాను. మంచం మీద కూర్చుని తువ్వాలు మడతపెడుతూ చెప్పింది.

"కుడి కన్ను రెండు నెల్ల కిందే పోయింది. ఎడమది నీళ్లలోంచి చూసినట్టుంది. మా అమ్మాయికి చెప్పావో, నన్ను సంచీతో సహా కారులో పడేస్తుంది. ఇక పంపదు."

అక్కకి ఒక్కతే కూతురు, పక్క ఊళ్లో మందుల షాపులో పనిచేస్తుంది. పోయినేడు అక్క మెట్ల మీద పడ్డప్పుడే చెప్పేసింది, ఇంకొక్కటి జరిగితే తీసుకుపోతానని. నెలకో ఆదివారం వచ్చి తల్లిని ఎగాదిగా చూసి వెళుతుంది. ఆ ఆదివారానికి మూడు రోజులే ఉంది. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే అక్క పోతుంది, చెప్పకపోతే కన్ను పోతుంది. చెప్పనని మాటిచ్చాను. మూడు రోజులూ పొద్దున్నే అంకెలు నేనే చదివాను, తను వల్లె వేసింది.

ఆదివారం అమ్మాయి వచ్చింది. మీ మొండిఘటం ఎలా ఆడుతోందని అడిగితే అక్క ఫోను పట్టుకుని గడగడా అప్పజెప్పింది. ఒక్క అంకె తప్పలేదు. అమ్మాయి నోటుబుక్కు తిప్పి, అన్నీ చక్కగా ఉన్నాయని మెచ్చుకుంది. ఏడు–నాలుగు ఉన్న పేజీ మీదుగానే తిప్పింది. దానికి టెన్నిస్ తెలియదు.

వెళ్లేముందు అమ్మాయి అటు తిరిగి చెప్పులు వేసుకుంటోంది. అక్క దాని భుజం నిమరబోయి, జానెడు పక్కన ఉత్త గాలిని నిమిరింది. అది నేనొక్కదాన్నే చూశాను.

"ఆ పుస్తకం మళ్లీ తియ్యమ్మా," అన్నాను.

"ఎందుకు పిన్నీ?"

"సెట్టు ఏడు–నాలుగుతో అయిపోదు. అది మీ అమ్మకి నాకంటే బాగా తెలుసు. కనపడక చెప్పింది."

అక్క నా వైపు తిరగలేదు. పావుగంటలో అమ్మాయి సంచీ సర్దేసింది. తువ్వాళ్లు మాత్రం అక్కే మడతపెట్టుకుంది, చూడకుండా, అంచుకి అంచు సరిగ్గా. మెట్ల దగ్గర నేను చెయ్యి అందిస్తే గోడ పట్టుకుని దిగింది. ఫోను బల్ల మీదే ఉండిపోయింది. మరిచిపోయిందో, కావాలనే వదిలేసిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నాలుగు రోజులు కబురు లేదు. ఐదో రోజు మధ్యాహ్నం అమ్మాయి ఇంటి ఫోనుకి చేసింది. కుడి కంటికి ఇక చూపు రాదని డాక్టర్లు అన్నారట. ఎడమదానికి రేపు ఆపరేషన్, నిలుస్తుందో లేదో కట్టు విప్పితే గాని చెప్పలేమన్నారట. తర్వాత ఫోను తల్లికిచ్చింది. అవతల ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. బల్ల మీది అక్క ఫోను తెరిచి, అప్పుడు నడుస్తున్న మొండిఘటం ఆట అంకెలు చదవడం మొదలుపెట్టాను. మొదటి సెట్టు నాలుగు–ఆరు. రెండోది ఏడు–ఐదు. మొదటి సర్వు యాభై ఆరు.

"డబుల్ ఫాల్టులు దాటేశావు," అంది అక్క.

"పదకొండు."

అవతల ఏదో టక్కుమంది. పెట్టేసిందనే అనుకున్నాను.

"ఓడిందా?"

"లేదక్కా. మూడో సెట్టు ఇంకా నడుస్తోంది."

"అయితే ఫోను పెట్టకు," అంది.