కూత మానేసిన పెట్టె

పొద్దున్నే కంప్యూటరు పెట్టె మూత విప్పుతూ తమ్ముడు ఈల వేస్తున్నాడు. అక్క ఇంట్లో కంప్యూటరుకి ఏ జబ్బు చేసినా వైద్యుడు వాడే మరి.

అది బావ రికార్డింగు గది. గోడలకి స్పాంజి, తలుపుకి రబ్బరు అంచు, మధ్యలో మైకు. ఆ మైకు ముందు కూర్చునే అక్క బస్టాండుకి గొంతయింది, సబ్బుల ప్రకటనలకి గొంతయింది. ఆ గొంతులోనే గడ్డ లేచింది. కోసి తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, మాట మాత్రం నిలవదన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి వెళ్లేలోపు అక్క రోజూ ఆ మైకు ముందు కూర్చుని కూతురి కోసం మాట్లాడింది. కథలు, జోలపాటలు, ముద్దు తిట్లు, పాప పెద్దదయ్యాక చెప్పాల్సిన మాటలు. ఆస్పత్రికి బయల్దేరుతూ, “ఇవి పోవు కదరా?” అని తమ్ముణ్ణి అడిగింది. వాడితో ఆమె అన్న ఆఖరి మాట అదే.

“రెండు డిస్కులక్కా, అద్దంలో చూసుకున్నట్టు. దీంట్లో రాసింది దాంట్లోనూ పడుతుంది. ఒకటి చచ్చినా రెండోది బతికుంటుంది. పూచీ నాది,” అన్నాడు వాడు. పూచీ! నోటిమాటకి ఖర్చేముంది?

ఇప్పుడు అక్కకి మాట లేదు. అవునంటే ఒక చప్పట, కాదంటే రెండు. పాప బడి నుంచి వచ్చి, బూట్లు విప్పీ విప్పకుండానే హెడ్‌ఫోన్లు తగిలించుకుని రోజుకో ఫైలు వింటుంది. అది విన్నాకే అన్నం.

వచ్చిన చిక్కల్లా చోటు. ఒక్కో డిస్కునీ రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో ప్రోగ్రాములూ ఇంకోదాంట్లో సౌండూ పెట్టారు. సౌండు భాగం పూర్తిగా నిండిపోయిందనీ, ప్రోగ్రాముల భాగం సగం ఖాళీగా పడుందనీ బావ కబురు పెట్టాడు.

“మధ్య గోడ కాస్త ఇటు జరిపితే సరి, బావా.”

“జరిపేటప్పుడు సామాను పగలదు కదా? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక...” అని బావ గబుక్కున నాలుక కరుచుకున్నాడు. అక్క పక్కనే స్టూలు మీద కూర్చునుంది. ఆమె నవ్వి, ఫర్వాలేదన్నట్టు ఒక చప్పట కొట్టింది.

తమ్ముడికో అలవాటుంది. ఇలాంటి పనికి ముందు జంటలో ఒక డిస్కు ఊడదీసి పక్కన పెడతాడు. రెండోదాని మీద కోతలూ కుట్లూ కానిస్తాడు. అంతా బాగుంటే పక్కనున్నదాన్ని మళ్లీ తగిలిస్తాడు, చెడితే అదే దిక్కు. మంచి అలవాటే. ఇవాళా మొదటి డిస్కు తీసి గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాడు. రెండోదాని కేబులు వదులుగా వేలాడుతోంది. వేలితో టక్కున నొక్కాడు. ఇదెన్నాళ్లుగా ఇలా ఉందని అడగాలా వద్దా? అడగలేదు మహానుభావుడు.

స్విచ్చి వేశాడు. జంట విడిపోయిన పెట్టె కుయ్యో మొర్రో అనాలి. కిక్కురుమనలేదు. ఆ స్పాంజి గోడల మధ్య అంత నిశ్శబ్దం వాడికెందుకో నచ్చలేదు. పోనీలే, గోల తప్పిందనుకున్నాడు. తెర మీద చూస్తే సౌండు భాగం బావ చెప్పినంత నిండనూ లేదు. ‘బావకి అన్నిటికీ గాభరాయే’ అని నవ్వుకుని గోడ జరిపాడు. నల్లేరు మీద బండి నడకలా సాగిపోయింది పని.

పక్కన పెట్టిన డిస్కు తగిలించాడు. దేన్నుంచి దేంట్లోకి ఎక్కించమంటావని పెట్టె అడిగింది. కొత్త గోడ ఉన్నదాన్నుంచి అని చెప్పాడు. పచ్చగీత ఒకటి తెర మీద మెల్లగా పాకడం మొదలెట్టింది. భోజనాలయ్యాయి, కబుర్లయ్యాయి, గీత పాకుతూనే ఉంది. సాయంత్రం అక్క టీలు తెచ్చింది.

“అన్నట్టు బావా, ఇది అరవట్లేదేంటి? పాడైందా?”

“పాడవడమేంటోయ్, దాని నోరు నేనే మూయించా!” బావ మురిసిపోతూ, పెట్టెలో తెగిన వైరు ముక్క చూపించాడు. “మీ అక్క రికార్డింగు మొదలెట్టిన రోజు ఒకటే కుయ్‌కుయ్. అసలే తన గొంతు పోబోతోంది, అందులో ఈ కూతొకటి పడాలా? కత్తెర తీసుకుని కచక్! ఆ తర్వాత చూడు, మచ్చ లేకుండా వచ్చిందంతా.”

తమ్ముడు గ్లాసు కింద పెట్టి పెట్టెలోకి వంగి చూశాడు. వదులైన కేబులు. నిండని భాగం. రెండో డిస్కు ఆ రోజంతా మొరపెట్టుకుని, నోరు మూయించాక చప్పుడు లేకుండా జంట వదిలేసింది. అక్క మాటలన్నీ పడింది మొదటిదాని మీదే, తను గుడ్డలో చుట్టి జాగ్రత్త చేసినదాని మీదే. పొద్దుట్నుంచీ దాన్ని తుడిచేస్తున్నది తనే.

“అయ్యో! అయ్యో బావా!” కుర్చీ తన్నేసి వెళ్లి ప్లగ్గు పీకాడు. గీత అప్పటికే అంచుకి చేరింది.

మళ్లీ వెలిగించి, డిస్కులు మార్చి మార్చి వెతికాడు. పాప ఫోల్డరులో ఒకే ఒక్క ఫైలు మిగిలింది.

“ఇంకెక్కడైనా కాపీ ఉందా బావా?”

“నువ్వే కదరా అక్కర్లేదన్నావు!”

అక్క లేచి వచ్చింది. తెర చూసింది, తమ్ముడి ముఖం చూసింది. తనే ఆ ఫైలు నొక్కింది.

“పాపా, నేను మీ అమ్మని. నీకు బోలెడన్ని కథలు...” వెనక కుయ్, కుయ్. “ఏవండీ, ఆ కూత కాస్త ఆపించండి. నా మాట నాకే వినబడట్లేదు. ఇది పోనీండి, రేపు మళ్లీ మొదలెడదాం.”

అంతే ఉంది. బావ స్పాంజి గోడకి ముఖం ఆనించి భోరుమన్నాడు. ఆ ఏడుపు స్పాంజిలోనే ఇంకిపోయింది.

తెరిచున్న తలుపులోంచి, వీధి గదిలో పాప బూట్లు విప్పుకుంటున్న చప్పుడు వినిపించింది. అక్క హెడ్‌ఫోన్లు తీసి సొరుగులో పెట్టి, సొరుగు మూసేసింది.