హైదరాబాదు పడమర, విమానం తూర్పున

ఆగండాగండి, ఎక్కడికెళ్తున్నారు? ముందు ఇది వినండి!

పోయిన నెల తెల్లవారుతూనే మా అక్క సుబ్బరత్నానికి టెలిగ్రాం వచ్చింది. హైదరాబాదు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ముందుకు జరిపారట, ఆ మధ్యాహ్నం మూడింటికే! రాత్రి రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది. బస్సెక్కితే చేరేసరికి మూడు దాటిపోతుంది.

"డెబ్బై ఆరులో కూడా బస్సేంటక్కా? విమానం ఉందిగా!" అని అట్లాసు తెరిచి, దారం పెట్టి కొలిచి చూపించాను. "గాల్లో అయితే రెండొందల యాభై కిలోమీటర్లు నాన్నా! గంటలో దింపేస్తాడు."

నాన్న వెంకటసుబ్బారావుగారు అట్లాసు వైపు చూస్తేగా! పంచాంగం తీశారు. "బయల్దేరే వేళకి వర్జ్యం ఉందిరా. ప్రస్థానం పెట్టాల్సిందే."

అంటే, మంచి గడియలో మన సామాను ముందుగా, వెళ్ళే దిక్కున ఇంకొకరింట్లో పెట్టేయడం. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. ఆ తర్వాత మనిషి ఎప్పుడు కదిలినా ఫరవాలేదు. హైదరాబాదు పడమరేగా, అందుకని అక్క సంచీని పడమటింటి తెరేసమ్మగారికి ఇచ్చొచ్చారు. సర్టిఫికెట్లన్నీ అందులోనే ఉన్నాయి.

నేను గవర్నర్‌పేటలో విమానాల ఆఫీసుకి పరిగెత్తి టిక్కెట్టు కొని, టాక్సీతో వచ్చాను. చూస్తే తెరేసమ్మగారి తలుపుకి తాళం!

"ఇందాకే గుణదల బస్సెక్కారండీ, చేతిలో ఏదో సంచీ ఉంది," అన్నాడు మూలమీది రిక్షా హనుమయ్య.

"తాళం పగలగొడదాం," అన్నారు నాన్న.

"వద్దు. ఆవిడ చేతిలో ఉన్నది నా సంచీయే అయ్యుంటుంది," అంది అక్క. "గన్నవరం ఎయిర్‌పోర్టుకి వెళ్ళేది గుణదల మీదుగానేగా. ఎక్కండి."

"కాకపోతే?"

"కాకపోతే నేను చదివింది నోటితోనే చెప్తా! సంచీ కోసం కూచుంటే విమానం ఆగుతుందా?"

టాక్సీ ఏలూరు రోడ్డెక్కగానే నాన్న నా భుజం పట్టుకున్నారు. "హైదరాబాదు అటుంటే నువ్వు తూర్పుకి పోతావేంట్రా?"

"విమానం అటే ఉంది నాన్నా! పైకి లేచాక అదే తిరుగుతుంది."

గుణదల బస్‌స్టాపులో తెరేసమ్మగారు కనిపించారు. చంకలో అక్క సంచీ! టాక్సీ ఆగీ ఆగకముందే అక్క దూకేసింది.

"ఇంటర్వ్యూ సంచీ కదమ్మా, ఇక్కడి చర్చిలో మాత పాదాల దగ్గర ఒక్క నిమిషం పెట్టి తెచ్చేద్దామనుకున్నా. తిరుగు బస్సు చచ్చినా రాదే!" అన్నారావిడ, పాపం చెమటలు కక్కుతూ.

"పడమట పెట్టిన సంచీని తూర్పుకి తెచ్చారేంటండీ!" అని నాన్న గోల.

"నాకంటే అదే ముందు బయల్దేరింది నాన్నా. ఇంక దాన్ని ఆపకండి," అని అక్క నవ్వింది.

గన్నవరంలో మెట్లు తీసేస్తారేమో అనుకుంటుండగా అక్క ఎక్కేసింది. విమానం తూర్పుకే లేచి, మా నెత్తిమీదుగా గుండ్రంగా తిరిగి పడమటికి పోయింది. నాన్న మెడ వంచకుండా కనుమరుగయ్యేదాకా చూశారు. ఆ సాయంత్రమే అక్క ట్రంకాల్ చేసింది. దిగి, అన్నం తిని, తల దువ్వుకుని మరీ ఇంటర్వ్యూకి వెళ్ళిందట!

నిన్న ఆర్డరొచ్చింది. ఉద్యోగం అక్కదే! శుక్రవారం చేరాలి, మళ్ళీ విమానమే. నాన్న మళ్ళీ పంచాంగం తీశారు. ప్రస్థానం సంచీ పడమటింట్లో పెట్టి, ఈసారి తాళంచెవి మన దగ్గరే ఉంచుకుందామంటారు ఆయన. గుణదలకే పంపుదామంటుంది అక్క. తెరేసమ్మగారు అప్పుడే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

మీరైతే సంచీ ఎటు పంపుతారు?