ఎండలో కూసిన నీలిపిట్ట

ఐలేశం కుళ్ళుబోతు అని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పొద్దంతా తలవంచి నేసుకునేవాడి కడుపులో ఏముందో ఊరికి ఎట్లా తెలుస్తుంది? తెలిసింది ఆ మగ్గానికే. పోగు బిగించే పలక దెబ్బ పడాల్సినదానికంటే గట్టిగా పడుతోందంటే, ఆ పూట అతని పెళ్ళాం సుక్కమ్మ అడవికి పోయిందన్నమాట.

అమ్రాబాద్ గుట్టల కింద, నల్లమల మొదలయ్యే చోట ఉంటుంది వాళ్ళ ఊరు చింతలవాగు. నిజాం దిగిపోయి యూనియన్ మిలటరీ వచ్చిన మరుసటేడు. నల్లగొండ వైపు నుంచి తరుముకొస్తే సంఘం దళాలు కొన్ని ఈ అడవుల్లోకి వచ్చి తలదాచుకున్నాయి. ఊరికి పైనున్న లోయలో తొమ్మిదిమంది ఉన్నారు. మూడు రోజులకోసారి వాళ్ళకు జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు మోసేది సుక్కమ్మ. మోదుగాకు కోసుకొచ్చే ఆడదాని గంప మిలటరీవాడు దింపి చూడడని ఆమెకు ఈ పని అప్పజెప్పింది దళంలోని జానయ్య.

కూడు పెట్టడం మీద ఐలేశానికి పేచీ లేదు. దొరకు వెట్టికి పంచెలు నేసి నేసి కాయలు కాసిన చేతులు అతనివి. సంఘం వచ్చాకే ఆ వెట్టి ఆగింది. అతని పేచీ అంతా జానయ్య మీద, ఇంకా సూటిగా చెప్పాలంటే ఒక పిట్ట మీద.

పిచ్చుకంత పిట్ట అది. ఒళ్ళంతా నీలం, తల వెనక నల్లటి బొట్టు, మెడలో నల్లదారం కట్టినట్టు సన్నటి గీత. వెదురు పొదల నీడలో కొమ్మ మీంచి ఎగిరి గాలిలోనే ఈగను పట్టి మళ్ళీ కొమ్మకు చేరుతుంది. దాని కూతనే దళం వాళ్ళు గుర్తుగా పెట్టుకున్నారు. వాగు పక్క వెదుళ్ళలో నిలబడి మూడుసార్లు ఈలవేస్తే జానయ్య వచ్చి గంప అందుకుంటాడు. ఆ ఈల సుక్కమ్మకు నేర్పింది అతనే. నేర్చుకున్ననాడు ఆమె ఇంటికొచ్చి నూలు కండెలు చుడుతూ చుడుతూ ఒక మాట అన్నది.

"గా పిట్ట మీది నీలి సూసినంక, నీ బానల నీలి ఏ మూలకయ్యా!"

ఆమె నవ్వులాటకే అన్నది. కానీ నూలుకు రంగు వేసే ఆ నీలి బాన ఐలేశం తాతనాటిది. అచ్చంపేట షావుకార్లు బట్ట విప్పకముందే ఇది చింతలవాగు నీలి అని చెప్పగలిగేవాళ్ళు. అలాంటి నీలిని తీసిపారేసేటంత తీరిగ్గా ఆ పిట్టను చూసిందంటే, పక్కన జానయ్యతో ఎంతసేపు నిలబడి ఉండాలి? ఐలేశం ఆ రాత్రి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. కడుపు నొప్పని చెప్పాడు. అబద్ధం కాదు, మండింది కడుపే.

ఇక ఆమె రోజూ ఈల సాధన చేసేది. పెళ్ళయి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో ఆమె నోట కూనిరాగమైనా విని ఎరగడు ఐలేశం. ఇప్పుడు రాట్నం దగ్గర ఈల, పొయ్యి దగ్గర ఈల. జానయ్య ఆమెను అక్కా అంటాడు, ఇతన్ని బావా అంటాడు. నోటితో వరస కలిపినంత మాత్రాన మనసు వరసలో నడుస్తుందా అని ఐలేశం వాదన. పైగా జానయ్యకు ముప్పై నిండలేదు, ఆరడుగుల మనిషి. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. భూతమైతే వేపమండకు వదులుతుంది, ఇది దేనికీ వదలదు.

సుక్కమ్మ అడవికి పోతే కండెలు చుట్టేవాళ్ళుండరు. ఉన్నవి అయిపోగానే మగ్గం ఆగిపోతుంది. ఆ ఖాళీ పూటల్లో తలుపు దగ్గరికేసుకుని ఐలేశం కూడా ఈల నేర్చుకున్నాడు. నేతగాడి ఓపిక కదా, నెల తిరిగేసరికి పెళ్ళాం ఈలకూ మొగుడి ఈలకూ తేడా తెలియకుండా వచ్చింది.

ఎందుకు నేర్చుకున్నాడంటే, జానయ్య నడక చూడాలని. ఈల వినగానే సుక్కమ్మే వచ్చిందనుకుని బయటికొస్తాడు. అక్క కోసం వచ్చేవాడి నడక ఒక తీరు, ఆడదాని కోసం వచ్చేవాడి నడక ఇంకో తీరు. చూస్తే తేలిపోతుంది. తేలాక ఏం చేయాలో కూడా అనుకున్నాడు. కాబట్టే ఆ రోజు గొడ్డలి తీసుకుపోయాడు.

సుక్కమ్మ ఇంకా రొట్టెలు చేస్తూనే ఉంది. ఐలేశం కట్టెలకని చెప్పి ముందే బయల్దేరి, అడ్డదారిన ఎక్కి, లోయకు ఎదురుగా ఉన్న పరుపుబండ మీద కూర్చున్నాడు. అక్కడినుంచైతే వచ్చేవాడు దూరం నుంచే కనబడతాడు. పట్టపగలు, బండ పెనంలా కాలుతోంది. గొడ్డలి ఒళ్ళో పెట్టుకుని మూడుసార్లు ఈలవేశాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ మూడుసార్లు వేశాడు. వెదురు ఆకైనా కదల్లేదు. పొద్దు వాలేదాకా కూర్చుని, రాలేదు కాబట్టి వాడు నిర్దోషి అని కాకుండా, వాడు మహా జిత్తులమారి అని నిర్ణయించుకుని ఇంటికి వచ్చాడు.

సుక్కమ్మ అప్పటికే ఇంట్లో ఉంది. గంప నిండుగా అలాగే ఉంది. ఈలకు ఎవరూ పలకలేదని మాత్రం చెప్పింది.

మర్నాడు తెల్లవారుతుండగా మిలటరీ వచ్చి లోయను చుట్టుముట్టింది. ఎవరో ఉప్పందించారు. తీరా లోపలికి పోతే మూడు రాళ్ళ పొయ్యి, చల్లారిన బూడిద తప్ప ఏమీ లేదు. ఆ కోపం ఊరి మీద చూపించి, నలుగురిని కొట్టి వెళ్ళిపోయారు.

వారం పోయాక మునిమాపు వేళ జానయ్య పెరటి దారిన ఇంట్లోకొచ్చి సుక్కమ్మ కాళ్ళ మీద పడబోయాడు.

"అక్కా, నువ్వు గా పూట ఎండల నిలవడి కూయకపోతే మా తొమ్మిది పీనుగులు లేస్తుండె."

అప్పుడు గానీ ఐలేశానికి తెలియలేదు. ఆ పిట్ట చచ్చినా నీడ విడిచి ఎండలోకి రాదట. అందుకని దళం వాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. నీడలోంచి కూత వస్తే కూడు వచ్చినట్టు. బయలులోంచి వస్తే ప్రాణం మీదికి వచ్చినట్టు. ఒకవేళ మిలటరీ పట్టుకుని కూయమంటే, బయలులో నిలబడి కూయాలని సుక్కమ్మకు చెప్పి ఉంచారు. పరుపుబండ మీది ఈల వినగానే తొమ్మిదిమందీ వెనక దారిన కృష్ణ వైపు దిగిపోయారు.

కూసింది తాను కాదన్నది సుక్కమ్మ. అని, మొగుడి వైపు చూసింది. జానయ్య కూడా చూశాడు.

"నేనే," అన్నాడు ఐలేశం.

నూలుకోసం అచ్చంపేట పోయినప్పుడు మిలటరీవాళ్ళ మాటలు చెవిన పడ్డాయని, ఆలికి చెబితే భయపడుతుందని తానే పోయానని గడగడా చెప్పేశాడు. ఇంత కథ తన నోట్లో ఎక్కడ దాగిందో అతనికే అర్థం కాలేదు. జానయ్య అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

ఆ నాటినుంచి ఐలేశం ఇంట్లో పండగ. మొదటి రొట్టె పొయ్యి మీంచి నేరుగా అతని కంచంలోకి వచ్చేది. అతను అడగకముందే కండెలు సిద్ధంగా ఉండేవి. సంగతి తెలిసిన రెండు మూడు ఇళ్ళవాళ్ళు ఎదురైతే పక్కకు తప్పుకుని దారిచ్చేవారు. సుక్కమ్మ రాట్నం తిప్పుతూ ఒక్కోసారి ఆగి మొగుడి వంకే చూస్తుండేది. ఆ చూపు కోసమే కదా ఇన్నాళ్ళూ కుళ్ళి చచ్చాడు. ఇప్పుడు కావలసినంత దొరికింది.

దొరికితే సంతోషించాలి. పది రోజులు సంతోషించాడు కూడా. తర్వాత మెల్లిగా పురుగు తొలచడం మొదలుపెట్టింది. ఆమె చూసేది ఎవరిని? పెళ్ళాం భయపడుతుందని చెప్పకుండా ఒంటరిగా కొండెక్కిన వాడెవడో ఒకడున్నాడు. ఆ వేడి రొట్టె వాడిది, ఆ చూపు వాడిది. ఐలేశం వాడి ఎంగిలి తింటున్నాడు. జానయ్యనైతే గొడ్డలి పట్టుకుని వెతుక్కుంటూ పోయాడు. వీణ్ణి ఎక్కడని వెతకాలి? నవ్వుతూ వడ్డిస్తున్న పెళ్ళాన్ని చూసి పళ్ళు నూరుకునే మొగుణ్ణి ఎక్కడైనా చూశారా? చింతలవాగులో ఉండేవాడు.

నెల గడిచేసరికి జానయ్య నుంచి కబురొచ్చింది. మిలటరీ ఆడవాళ్ళ గంపలు కూడా దింపి చూస్తోందట. దళం గుట్టకు అవతల కొత్త చోట ఉంది. ఈసారి సద్ది బావ తేవాలి, అంత గుండె ఉన్నవాడు ఇంకెవడున్నాడు అని.

సుక్కమ్మ రొట్టెలు గుడ్డలో కట్టి మగ్గం పక్కన పెట్టింది. ఐలేశం నేత ఆపాడు. దొరికితే కాల్చేస్తారు. ఆ భయం ఉంది. కానీ అంతకంటే పెద్ద బాధ ఇంకొకటుంది. తాను కల్పించిన ఆ రెండోవాడి పేరు మీద చావడం అతనికి ఇష్టం లేదు.

"నేను వాళ్ళకు చెప్పనీకి పోలే," అన్నాడు తల ఎత్తకుండా. "మిల్ట్రీ సంగతి నాకేం తెల్వది. జానయ్య నీకోసం ఎట్ల వస్తడో సూద్దామని పోయిన."

సుక్కమ్మ అరుస్తుందనుకున్నాడు. ఆమె కండెల గంప దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"ఎరుకనే. తంగెడు చెట్ల ఎనక నిలవడి సూసిన. ఒళ్ళె గొడ్డలి వెట్టుకొని కూస్తున్నవు. ఎండల కూతకు రాడని ఎరుకనే, అయినా జానయ్య బయటికొస్తే ఏమైతదో అని నాకు నోరు వెగల్లే."

"మరి గా దినం నేనే అన్నప్పుడు ఎందుకూకున్నవు?"

"నిజం జెప్తే వాళ్ళు నిన్నేం జేద్దురో." ఆమె ఒక కండె చేతికి తీసుకుంది. "గదొక్కటే గాదు. నువ్వు చెప్తాంటే ఇనబుద్ధయింది."

ఐలేశం తల ఎత్తాడు. ఇంతకాలం అడగలేనిది అప్పుడు అడిగేశాడు. జానయ్య మీద మనసుందా అని.

"జానయ్య మీద ఎన్నడు లేదు," అన్నది సుక్కమ్మ. ఈసారి మొగుడి మొహంలోకే చూసింది. "నువ్వు చెప్పిన గా మనిషి మీద ఉండె. నెల దినాలు ఉండె."

మగ్గం గుంటలో ఐలేశం కాళ్ళు కదల్లేదు. ఆ లేని మనిషిని చూసి కుళ్ళుకున్నంతగా జానయ్యను చూసి ఎన్నడూ కుళ్ళుకోలేదు అతను. తర్వాత గుంటలోంచి పైకొచ్చి గొంగడి భుజాన వేసుకున్నాడు. రొట్టెల మూట చేతికి తీసుకున్నాడు. గుట్ట అవతలికి ఏ దారిన పోవాలని అడిగాడు.

సుక్కమ్మ లేచి వాకిలి దాకా వచ్చి దారి చెప్పింది.