పర్వతాలు మామ మీది తుంపర

పొద్దున లేవగానే సైదులు చేసే మొదటి పని వడ్లను కాళ్లతో కలియదిప్పడం. చివ్వెంల అవతల వాళ్ల ఊళ్లో యాసంగి కోతలు అయిపోయి, కొనుగోలు సెంటర్లో జాగా చాలక, అందరూ రోడ్డు పక్కనే పట్టాలు పరిచి వడ్లు ఎండపోసుకున్నారు. తేమ పదిహేడు శాతానికి దిగితేనే కాంటా పెడతారు. మిషిన్ ఒక్క అంకె ఎక్కువ చూపించిందా, ఇగ మళ్లీ ఎండబెట్టుడే, మళ్లీ లైన్‌లో నిలబడుడే.

ఆ రోజు సైదులు వడ్లు తిప్పుతూ తలెత్తి చూస్తే కూతురు అశ్విని టీ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకొని వస్తోంది. నెత్తి మీది తుంపర ఆమెతో పాటే నడిచి వస్తోంది.

"ఆడనే ఆగు బిడ్డా, నేనే వస్త" అన్నాడు సైదులు. పట్టా దాటి అవతలకు పోయి టీ తాగాడు. సగం టీ, సగం వాన నీళ్లు.

ఏదైనా తేల్చుకోలేకపోతే ఆ మనిషి మీద తుంపర పడుతుంది, ఒక మంచం పట్టేంత జాగాలో. ఏ చీర కొనాలో తెలియనామె మీద షాపులోనే నాలుగు చినుకులు రాలి ఆగిపోతాయి. పిల్లకు సంబంధం ఒప్పుకోవాలా వద్దా అని గుంజాటన పడే తండ్రి వారం దాకా తడుస్తాడు. సూర్యాపేట బస్టాండ్లో అట్లాంటి వాళ్లు ఎక్కితే కండక్టర్ వెనక సీటు చూపిస్తాడు, పక్కనోళ్లు సంచులు జరుపుకుంటారు. ఇంటి ముందుకొస్తే ఆడవాళ్లు దండెం మీది బట్టలు తీసుకుంటారు, అంతే. కాకపోతే అశ్విని తుంపర మొదలై చాలా రోజులైంది, అది కూడా సరిగ్గా వడ్లు ఎండే రోజుల్లో.

అశ్విని నల్లగొండలో ఎమ్మెస్సీ బాటనీ చేసింది. పీహెచ్‌డీకి రెండు చోట్ల పెట్టుకుంది. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ వాళ్లు ఇంటర్వ్యూ చేసి సీటు ఇచ్చేశారు. స్కాలర్‌షిప్ ఉంది, హాస్టల్ ఉంది, ఆదివారం వస్తే ఇంటికి రావచ్చు. పని మాత్రం సముద్రపు నాచు మీద. సముద్రాన్ని ఆ పిల్ల ఇంతవరకు చూడలేదు, చూడాలని పెద్దగా అనుకోనూ లేదు. ఆ సీటు వచ్చిన మరునాడే భువనేశ్వర్ నుంచి ఇంకో ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. అక్కడి మేడం గింజల మీద పని చేస్తుంది. మట్టిలో పడ్డ గింజకు ఎప్పుడు మొలకెత్తాలో ఎట్లా తెలుస్తుంది అన్నది ఆమె చదువు. చిన్నప్పుడు తండ్రి వెంట మడికట్ల మీద తిరిగిన నాటి నుంచి అశ్విని అడుగుతున్నది కూడా అదే. అయితే అక్కడున్నది ఒక్క సీటు, పిలిచింది ఎంతోమందిని.

చిక్కంతా ఒరిజినల్ సర్టిఫికెట్ల దగ్గర వచ్చింది. హైదరాబాద్ వాళ్లు సోమవారం ఒరిజినల్స్ తెచ్చి ఇచ్చి చేరమన్నారు, లేకుంటే సీటు వేరేవాళ్లకు పోతుంది. భువనేశ్వర్ వాళ్లు అదే సోమవారం ఒరిజినల్స్ పట్టుకొని తమ ఎదుట కూర్చోమన్నారు. ఎవరికైనా ఉండేది ఒక్కటే కట్ట కదా.

సైదులు హైదరాబాదే అన్నాడు. ఇచ్చినోళ్లను కాదని, ఇస్తరో ఇయ్యరో తెల్వనోళ్ల దగ్గరికి పోవుడేందని ఆయన లెక్క. తల్లి వెంకటనర్సమ్మ మాత్రం "నీ ఇష్టం బిడ్డా" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా తుంపర ఇంకొంచెం పెద్దదయ్యేది. ఒకరోజు అన్నం తింటూ అశ్విని, నేను తేల్చుకున్న, హైదరాబాదే పోత అని గట్టిగా చెప్పింది. తల్లీ తండ్రీ ఒక్కసారే ఆమె నెత్తి వైపు చూశారు. కంచంలో చినుకులు పడుతూనే ఉన్నాయి. ఆ పప్పు నీళ్లపప్పు అయింది.

ఆ మధ్యాహ్నం నిజం మబ్బే పట్టింది. అందరూ కుప్పల మీద పర్దాలు కప్పడానికి ఉరికారు. అశ్విని కూడా ఉరికింది, తన సంగతి మరిచిపోయి. మబ్బు ఒక్క చుక్క రాల్చకుండా తేలిపోయింది గాని, ఆమె పట్టుకున్న మూల కింద వడ్లు తడిసిపోయాయి. మరునాడు సెంటర్లో మిషిన్ ఇరవై చూపించింది. సైదులు ఆ వడ్లను మళ్లీ పట్టా మీద పరిచి కాళ్లతో తిప్పడం మొదలుపెట్టాడు. అదే ఆమెకు ఎక్కువ బాధ. పక్క కుప్ప సైదమ్మ అయితే తన పట్టాను మెల్లగా అవతలికి గుంజుకుంది.

అప్పుడు వెంకటనర్సమ్మకు ఒక ఉపాయం తోచింది. హుజూర్‌నగర్‌లో ఆమె అన్న పర్వతాలు ఉన్నాడు. కాంటా అయ్యేదాకా పిల్లను అక్కడ ఉంచుదామంది. ఆ ఇంట్లో ఎట్లాగూ వానే, ఇంకో తుంపర ఎవరికి బరువు? ఇంట్లో అందరికీ అది మంచి ఆలోచనే అనిపించింది. సర్టిఫికెట్ల కట్టను రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి, అశ్విని బస్సు వెనక సీటులో కూర్చొని పోయింది.

పర్వతాలు మీద తుంపర వెంకటనర్సమ్మ లగ్గానికి ముందు నుంచీ పడుతోంది. వయసులో ఉండగా ఆయనకు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో గుమాస్తాగా చేరమని కబురొచ్చింది. అదే వారం వరంగల్‌లో యూనివర్సిటీ నుంచి ఎమ్మేకు ఇంటర్వ్యూ పిలుపూ వచ్చింది. పోనా, చేరనా అనుకుంటూ ఉండగానే రెండు తారీఖులూ దాటిపోయాయి. తుంపర మాత్రం ఆగలేదు. వచ్చిన ఒక్క సంబంధం వాళ్లు, మా పిల్ల తడి ఇంట్లో కాపురం చెయ్యదని వెళ్లిపోయారు. మనిషి మొండోడేం కాదు, దానితోనే బతకడం నేర్చుకున్నాడు. ఇంటెనక జాగాలో వంకాయ, టమాట, మిరప నారు పోశాడు. మడుల మధ్య రోజంతా అటూ ఇటూ తిరుగుతాడు. ఎంత ఎండాకాలమైనా ఆయన నారు వాడదు. నిడమనూరు దాకా రైతులు ఆయన దగ్గరికే వస్తారు. వంట కూడా అంతే, పొయ్యి తడవకుండా దూరంగా నిలబడి బారెడు గరిటెతో కలుపుతాడు.

అశ్వినిని చూసి ఆయన ముసిముసిగా నవ్వాడు. "రా బిడ్డా. నీ దాంతోని ఆ మూల మడి గూడ తడుస్తది" అన్నాడు.

ఏం సంగతి అని అడగలేదు. ఆ పూటా అడగలేదు, మరునాడూ అడగలేదు. ఇన్నాళ్లకు ఎవరూ నెత్తి వైపు చూడని ఇల్లు దొరికిందని అశ్విని ప్రాణం కుదుటపడింది. ఆయన ఒక వరుస, ఆమె ఒక వరుస నడిచేవాళ్లు. నారు ముదురు ఆకుపచ్చగా లేచింది. ధర్మేందర్ అనే రైతు వచ్చి, రెండు తుంపరలున్నయ్ గదా, ఈసారి నాకు డబుల్ నారు కావాలని చెప్పిపోయాడు. ఆమెకు అది విని సంతోషమే అయింది.

శనివారం సాయంత్రం చేతులు కడుక్కుంటూ చూసుకుంటే ఆమె వేళ్ల చివర్లు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి. పక్కన మామ వేళ్లు చూసింది. అచ్చం అట్లాగే ఉన్నాయి, ఆయన చెవుల వెనక సన్నగా పాచి కూడా పట్టి ఉంది. ఆ రోజంతా తను సోమవారం సంగతి ఒక్కసారి కూడా తలుచుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆమెకు భయమేసింది.

"మామా, ఆ రెండు తారీఖులు ఎన్నడో దాటిపోయినయ్ గదా. ఇంకా ఎందుకు పడుతుంది నీ మీద?"

"ఏది మంచిగుండేదో ఇంకా తేలలే బిడ్డా" అన్నాడు పర్వతాలు, కూరగాయల ధర చెప్పినట్టు. "పొద్దున మిర్యాలగూడ పోయేదుండె అనిపిస్తది. మాపటికి వరంగల్ అనిపిస్తది. జర సోచాయించాలె."

ఇంకా ఆలోచించాలంట. ఈ పెద్దమనిషిని చూస్తే అశ్వినికి ఏడుపొచ్చింది.

"వరంగల్ పోయుంటే ఏమైతుండె మామా?"

పర్వతాలు చేతిలో ఉన్న నారు కట్టను కింద పెట్టాడు. ఈ ప్రశ్న అప్పటిదాకా ఆయనను ఎవరూ అడగలేదు, ఆయన తనను తను కూడా అడగలేదు.

"వద్దంటుండిరి" అన్నాడు చివరికి. "నన్ను జూసి వాళ్లు వద్దంటరని నాకప్పుడే ఎరుక. ఆ మాట నా చెవుల పడొద్దని ఇంట్ల కూసున్న. మంది ముందర ఆలోచిస్తున్న అని చెప్పిన. ఆలోచన కాదు బిడ్డా అది, భయం. పోవాల్సింది. పోయి, వద్దనిపించుకోని రావాల్సింది."

ఆయన మీద తుంపర ఆగిపోయింది.

ఇద్దరూ పైకి చూశారు. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కాసేపయ్యాక అలవాటుగా మళ్లీ తుడుచుకున్నాడు. ముఖం తడవలేదు. ఎవరూ లేని ఇంట్లో నిలబడినట్టు నిలబడిపోయాడు పాపం. తర్వాత మడుల వైపు చూసి, నారుకు ఇగ నీళ్లెట్ల అని తనలో తను అనుకున్నాడు. బోరు దగ్గర బిందె ఉంది గదా మామా అంది అశ్విని. అవునన్నాడు.

ఆదివారం పొద్దున ఆమె కోదాడ బస్సెక్కింది. కోదాడలో రోడ్డుకు ఇటు హైదరాబాద్ బస్సులు ఆగుతాయి, అటు విజయవాడ బస్సులు. విజయవాడ పోతే భువనేశ్వర్ రైలు దొరుకుతుంది. సర్టిఫికెట్ల కట్ట గుండెకు ఆనించుకొని తడుస్తూ ఇటువైపే నిలబడింది. హైదరాబాద్ బస్సు వచ్చింది. "ఎక్కడికెళ్లాలమ్మా? ఎక్కితే ఎక్కండి, లేటవుతుంది" అన్నాడు కండక్టర్. ఆమె కదల్లేదు. బస్సు పోయింది. అప్పుడు తండ్రికి ఫోన్ చేసింది.

"నాయినా, నేను విజయవాడ దిక్కు పోతున్న."

అవతల వడ్లు తిప్పుతున్న చప్పుడు ఆగింది.

"ఆడ వద్దంటే?"

"వద్దంటే వస్త."

"ఈడిది గూడ పోతది బిడ్డా."

"ఎరుకే నాయినా."

ఆ మాట అంటూ ఆమె రోడ్డు దాటుతోంది. సగం దాటేసరికి చెంప మీద ఎండ చురుక్కుమంది. వెనక్కి చూస్తే రోడ్డు మధ్యలో మంచమంత జాగా తడిగా ఉంది, దాని మీదుగా లారీలు పోతున్నాయి.

"తుంపర?" అని అడిగాడు సైదులు.

"ఆగింది."

"అయితే పో" అన్నాడు.

సోమవారం ఇంటర్వ్యూలో మేడం మంచిగానే మాట్లాడింది. గింజల గురించి అడిగినవాటికి అశ్విని కొన్నింటికి చెప్పింది, కొన్నింటికి తెలియదంది. సాయంత్రం అందరినీ పిలిచి ఒక్క పేరు చదివారు. అది ఆమెది కాదు. ఈసారికి లేదమ్మా అని మేడం ఆమె ముఖం చూసే చెప్పింది. ఆ మాట గట్టిగానే తగిలింది. అబద్ధమెందుకు, బయటికొచ్చి చెట్టు కింద కూర్చొని బాగా ఏడ్చింది. హైదరాబాద్ సీటు కూడా అప్పటికి పోయి ఉంటుంది. ఏడ్చి ఏడ్చి చూస్తే ఆకలైంది. స్టేషన్‌లో పూరీలు తింది. తింటుంటే మామ గుర్తొచ్చాడు. ఆ మాట ఎట్లా ఉంటుందో పోయి ఆయనకు చెప్పాలనిపించింది. తగులుతది మామా, తర్వాత ఆకలైతది, గంతే. ఇంతకే భయపడి నువ్వు అన్నేళ్లు నానినవ్ అని కొంచెం తిట్టాలని కూడా అనుకుంది.

మంగళవారం సాయంత్రం ఆమె ఇంటికి పోకుండా నేరుగా హుజూర్‌నగర్‌లో దిగింది. మామ ఇంటి ముందు షామియానా వేసి ఉంది. సైదులు గోడ పక్కన కూర్చొని ఉన్నాడు. వడ్లు కాంటా అయ్యాయని చెప్పి, లోపలికి చెయ్యి చూపించాడు.

సోమవారం పొద్దున్నుంచి పర్వతాలు బోరు దగ్గర బిందె నింపుకొని మడులకు మోశాడంట. ఎండ మండిపోతుంటే నెత్తికి తువ్వాలు కూడా చుట్టుకోలేదంట. ఎట్లా చుట్టుకుంటాడు? ఎండ అంటే ఏందో ఆ ఒళ్లు ఎన్నడో మరిచిపోయింది. నడి మధ్యాహ్నం మిరప మడిలో పడిపోయాడు. దవాఖానకు తీసుకపోతే వడదెబ్బ అన్నారు. తెల్లారి ప్రాణం పోయింది. పిల్ల రైల్లో ఉంది, వచ్చినాక చెబుదామని తల్లే ఆపింది.

వెంకటనర్సమ్మ అన్న తల దువ్వుతోంది. ఆయన జుట్టు అంత తెల్లగా ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఎప్పుడూ తడిగా నల్లగా కనిపించేది. ఒళ్లు కూడా ఎండిపోయి ఉంది, వేళ్ల మీద ముడతలు పోయాయి.

"నేనే అడిగినమ్మా. నేను అడిగినందుకే ఆగింది" అంది అశ్విని.

వెంకటనర్సమ్మ దువ్వడం ఆపలేదు. "రాత్రి ఒక్కసారి కండ్లు తెరిసిండు. పిల్లకేమన్నరు అని అడిగిండు. మాకు తెల్వదు గదా, ఏం చెప్తం" అంది.

అశ్విని కూర్చొని ఆయన చెవి దగ్గరికి వంగింది.

"వద్దన్నరు మామా."

చుట్టూ ఉన్నవాళ్లు అలవాటు కొద్దీ ఆమె నెత్తి వైపు చూశారు. ఏమీ పడలేదు. ఇంకా చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి గాని, పూరీల మాట ఒక్కటి చెప్పి ఊరుకుంది.

బుధవారం చావు ఇంటికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇంటెనక నారు తలలు వాల్చింది. అశ్విని దండెం మీద ఎండిన మామ తువ్వాలు తీసి నెత్తికి గట్టిగా చుట్టుకుంది. బోరు దగ్గర బిందె నింపుకొని మిరప మడి దగ్గరికి నడిచింది.