సబేరా చెప్పిన జవాబు

గ్రీసులో మిటిలీనీ రేవు వెనక సందులో, దెబ్బలు తిని పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు తలదాచుకునే ఇల్లొకటుంది. నేనక్కడ వంట చేస్తాను. ఆ ఇంటికి ఒకటే కట్టుబాటు: లోపలి మనిషి ఔనంటేనే బయటివాళ్ళకు తలుపు తీస్తాం.

ఆ పొద్దున మిఠాయి పెట్టెతో ఒకడొచ్చాడు. సబేరా భర్తనని, తీసుకుపోతానని వచ్చీరాని గ్రీకులో చెప్పాడు. సబేరా వారం క్రితం మణికట్టుకు సిమెంటు కట్టుతో వచ్చిన అఫ్ఘన్ పిల్ల. దుబాసీ మధ్యాహ్నానికిగాని రాదు.

సబేరాకు వంటింటి కిటికీలోంచి అతన్ని చూపించి, "నీ మొగుడట. లోపలికి రమ్మననా?" అని చేతులు తిప్పుతూ అడిగాను.

"నే," అంది. మా గ్రీకులో ఔనని చెప్పాలంటే అదే మాట.

"విన్నావుగా," అంది తలుపు కాసే స్టమాటియా.

"మొహం చూడక్కా, సున్నం కొట్టినట్టుంది."

"మొగుణ్ణి చూస్తే నా మొహమూ అంతేనే. ముప్ఫయ్యేళ్ళు కాపురం చెయ్యలా?"

మళ్ళీ అడిగాను. సబేరా "నే! నే!" అంటూ బల్ల కిందికి దూరింది.

"ఇంకా ఎన్నిసార్లనాలే? పాదిరీని పిలిపించమంటావా?" అంటూ స్టమాటియా తలుపువైపు నడిచింది.

ఔనన్న మనిషి బల్ల కిందికెందుకు దూరుతుంది? నోటితో తేలేది కాదనిపించి, స్టమాటియా నడుముకు వేలాడుతున్న తాళంచెవి లాక్కుని సబేరా ముందు పెట్టాను. తలుపు చూపించాను.

మెల్లగా బల్ల కిందనుంచి వచ్చి, తాళంచెవి తీసుకుని తలుపు దగ్గరికెళ్ళింది. తలుపు అద్దంలోంచి ఆమెను చూసి అతను నవ్వాడు. సబేరా తాళంచెవిని మూసే వైపుకి ఇంకో చుట్టు తిప్పింది. గడియ పడ్డ చప్పుడుకి అతని నవ్వు పోయింది. తలుపు బాదడం మొదలెట్టాడు.

పోలీసులకు, ఆ వెంటనే దుబాసీకి ఫోన్ చేశాను. "అయ్యో, వాళ్ళ దరీ భాషలో 'నే' అంటే వద్దని!" అందావిడ.

వారంగా పప్పు సూపు ఇంకాస్త వెయ్యనా అంటే ఈ పిల్ల "నే" అనడం, నేను మురిసిపోయి గిన్నె నింపడం.

పోలీసులు అతన్ని తీసుకెళ్ళాక స్టమాటియా చెయ్యి చాపింది. "తాళంచెవి ఇవ్వవే తల్లీ, ఇంటికి పోవాలి, మా మనవలు బడి నుంచి వచ్చే వేళైంది."

సబేరా పిడికిలి బిగించింది. నువ్వడుగు అన్నట్టు స్టమాటియా నావైపు చూసింది. ఏమని అడగాలో, ఏ జవాబొస్తే ఏమనుకోవాలో తెలియక, నేను ఉల్లిపాయలు తరగడం మొదలెట్టాను.