విశాలాక్షి బూట్లు

ఆంజనేయప్రసాద్‌కి డెబ్బై మూడేళ్లు. కెనడాలోని విండ్సర్‌లో నలభై ఏళ్లపాటు ఊరందరి గుండెలకూ వైద్యం చేశాడు. రోగులను పొద్దున్నే నడవమని చెప్పడమే తప్ప తను ఏనాడూ వీధి చివరిదాకా నడిచిన పాపాన పోలేదు. అలాంటి మనిషి మాంట్రియల్ నుంచి అన్నమ్మ గుడిదాకా, మూడు వందల డెబ్బై కిలోమీటర్లు, కాలినడకన బయల్దేరాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మొక్కు ఆయనది కాదు, భార్య విశాలాక్షిది. ఆవిడ బెజవాడ మనిషి. కనకదుర్గమ్మకు ఎంత దణ్ణం పెట్టేదో, గుణదల మేరీమాతకూ అంతే పెట్టేది. కూతురు విద్యకు ఏడో ఏట మెదడువాపు వచ్చి నాలుగు రోజులు కళ్లు తెరవనప్పుడు, హాస్పిటల్లో ఒక నర్సు క్యూబెక్‌లో ఉన్న ఈ అన్నమ్మ చర్చి సంగతి చెప్పింది.

"మేరీమాతకు తల్లటండీ ఈవిడ. అమ్మమ్మలకు పిల్లలంటే ఇంకా ప్రాణం కదా! పిల్ల లేస్తే ఇద్దరం నడిచి వస్తామని మొక్కుకున్నా" అంది విశాలాక్షి.

పిల్ల లేచింది. ఆయన మాత్రం "వచ్చే సమ్మర్ చూద్దాంలే" అన్నాడు. అలా ముప్పై నాలుగు సమ్మర్లు చూశాడు.

ఆయన రిటైరయ్యాక ఆవిడ ఊదారంగు లేసులున్న బూట్లు కొనుక్కుంది. నెల తిరక్కుండా క్యాన్సర్ బయటపడింది. ఆఖరి వారంలో హాస్పిటల్ మంచం మీద నుంచి, "ఆ బూట్లు ఒక్కసారి తొడగరూ" అని అడిగింది. "ఇప్పుడెందుకు, తగ్గాక వేసుకుందువుగాని" అన్నాడు. తగ్గదని ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే.

ఆవిడ పోయింది. ఆ బూట్లనైనా తీసుకెళ్లి అన్నమ్మ పాదాల దగ్గర పెట్టాలి. ఆయనకు మిగిలిన పని అదొక్కటే.

నది పక్కనే దారి. సాయంత్రానికి ఏదో ఒక ఊళ్లో చర్చి హాల్లో బస. ఎక్కడ ఆగినా, ఇంట్లో అలవాటు ప్రకారం, బూట్లు గుమ్మం బయటే విడిచేవాడు. సంచిలోంచి ఆవిడవి తీసి పక్కనే పెట్టేవాడు. రెండు జతలు కనిపిస్తే ఆవిడ లోపలే ఉన్నట్టుండేది.

పదమూడో నాడు పొద్దున్న చూస్తే ఒక్క జతే ఉంది. మట్టి కొట్టుకుపోయిన ఆయన బూట్లు.

హాలు చూసుకునే ముసలావిడను అడిగితే ఆవిడ మొహం పాలిపోయింది. ఆ వేళ బీదలకు బట్టలు పోగుచేసే రోజట. గుమ్మం ముందు పెట్టినవన్నీ దానమిచ్చినట్టే లెక్క. వ్యాను అప్పుడే వచ్చి, మట్టిబూట్లు వదిలేసి, కొత్తవి పట్టుకుని వెళ్లిపోయింది. ఆయనకు ఒళ్లు మండిపోయింది, కానీ ఎవరిని తిడతాడు? లోకమంతా చెప్పులు బయటే విడుస్తుందనుకున్నది తనే.

ముసలావిడే కారులో పక్క ఊళ్లో ఇల్లు లేనివాళ్లుండే షెల్టర్‌కు తీసుకెళ్లింది. అప్పటికే బూట్లు ఒకామె కాళ్లకున్నాయి. అరవై దాటి ఉంటుంది. పక్కన ఆమె విడిచిన పాత స్నో బూట్లు, నడి జూలైలో. ముసలావిడ ఫ్రెంచ్‌లో ఏదో చెప్పగానే ఆమె వంగి ఒక బూటు విప్పేసింది. పాదం వాచి ఉంది, మడమ పుండుపడి ఉంది.

"వద్దమ్మా, ఉంచుకో" అన్నాడాయన, తెలుగులోనే.

నేలమీద కూర్చుని, సంచిలోంచి బ్యాండేజీ తీసి మడమకు చుట్టాడు. బూటు మళ్లీ తొడిగి లేసు కట్టాడు. రెండు నిమిషాల పని. విశాలాక్షి అడిగింది ఆ రెండు నిమిషాలే! పరాయి మనిషి కాళ్ల దగ్గర కూర్చుని డాక్టరుగారు వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమెకేమీ అర్థంకాక ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

ఆరు రోజుల తర్వాత అన్నమ్మ గుడి చేరాడు. మెట్ల పక్కన బూట్లు విడిచి, అలవాటుగా కాస్త పక్కకు జరిపి, ఇంకో జతకు చోటు వదిలాడు. అప్పుడే ఫోన్ మోగింది. మిల్టన్ నుంచి విద్య.

"నాన్నా, ఆర్ యు దేర్? అమ్మ షూస్ పెట్టేశావా?"

"లేదమ్మా" అన్నాడు. ఆయన చూపు ఆ ఖాళీ చోటు మీదే ఉంది. "ఇద్దరం వస్తామని మొక్కింది మీ అమ్మ. నేనొక్కణ్ణే వచ్చాను."